కిటికీ ముందు నడిచిపోయేవాళ్లు

ద్వాలికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క చచ్చుబడింది గానీ నోరు చచ్చుబడలేదు. అది దేవుడు చూపిన దయ అని తండాలో కొందరు, దారిన పోయేవాళ్లకు వేసిన శిక్ష అని ఇంకొందరు అనేవారు. ఇల్లు బోరింగుకు ఎదురుగా ఉండేది. నీళ్లకు పోవాలన్నా, చేనుకు పోవాలన్నా, చండ్రుగొండ బస్సు అందుకోవాలన్నా ఆ చూరు ముందు నుంచే పోవాలి. చూరు కింద నులకమంచం, మంచం మీద ద్వాలి. ఆమెకు సుంకం కట్టకుండా ఆ దారి దాటినవాళ్లు లేరు. సుంకమంటే నాలుగు మాటలు, అంతే.

"ఏమే లాలు పెండ్లామా, పొద్దుగాలనే పూలు పెట్టినవ్. ఎవని పెండ్లి?"

"నీ మొగనికి రెండో పెండ్లి జేస్తున్నం అత్తా."

"చేయుండ్రి. నన్నెత్తి కూసోబెట్టేటందుకు ఇంకో మనిషన్న దొరుకుతది."

లాలు పెళ్లాం నవ్వుకుంటూ బిందె దించి, ద్వాలి తల కింద దిండు సర్ది, ఇన్ని నీళ్లు తాగించి పోయేది. వెనకే ఇంకొకరు వచ్చేవారు. దీపాలు పెట్టేదాకా ఆ మంచం పక్కన ఎవరో ఒకరు నిలబడే ఉండేవారు.

ఆమె మొగుడు రూప్లాకు మాత్రం ఆ ఇంట్లో నష్టాలే కనబడ్డాయి. దొడ్డికి తీసుకుపోవాలంటే ఇద్దరు మోయాలి. వాన పడితే చూరు కింద బురద. నడుముకు పుండ్లు పడ్డాయి. వాగు పొంగితే డాక్టరు కాదు గదా, మందు బిళ్ల కూడా తండాకు చేరదు. పోయిన వానాకాలంలో జ్వరంతో కాలిపోతున్న మనిషిని ట్రాక్టరు ట్రక్కులో పడుకోబెట్టుకుని, నీళ్లు తగ్గుతాయేమోనని పగలంతా వాగు ఒడ్డున కూర్చున్నాడు. దవాఖానాలో డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ ఇంట్లోనే ఉంచితే ఇంకో వానాకాలం గట్టెక్కదు. గాలీ వెలుతురూ ఉన్న గది కావాలి, గదికి ఆనుకుని బాత్రూమ్ ఉండాలి, పిలిస్తే మేము వచ్చేంత దగ్గరలో ఉండాలి అన్నాడు.

బజారులో దొరకని సరుకు ఉండదని రూప్లా నమ్మకం. చుట్టుపక్కల తండాల్లో పుట్టి దుకాణం పెట్టిన మొదటి మనిషి అతనే. తండాల్లో మిరపకాయలూ పత్తీ కొని ఖమ్మం మార్కెట్‌కు తోలేవాడు. చండ్రుగొండ సెంటర్లో ఉప్పు, బెల్లం నుంచి ఎరువు సంచుల దాకా అమ్మేవాడు. అందరూ సేటు అని పిలిచేవారు. ద్వాలి కూడా సేటు అనే పిలిచేది, కాకపోతే ఆమె పిలుపులో ఎప్పుడూ ఒక గిల్లుడు ఉండేది. బస్తా పైన కాయ ఎంత ఎర్రగా మెరిసినా, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున తాలుకాయ ఉందేమో చూడనిదే ధర చెప్పేవాడు కాదు. చెయ్యి మండితే సాయంత్రానికి తగ్గుతుంది, మోసపోతే తగ్గదు అనేవాడు.

భూములకు రెక్కలొచ్చిన రోజులవి. చండ్రుగొండ దాటాక అడవి అంచున కొత్తగా వెంచర్ వేశారు. ఎర్రమట్టి రోడ్లు పోసి, తెల్ల రాళ్లు పాతి, ప్లాట్లు అమ్మారు. దవాఖానా అక్కడికి దగ్గర. రూప్లా చివరి వరసలో ఒక ప్లాటు తీసుకున్నాడు. అతని తమ్ముడు వీరన్న కొడుకు కోటేష్‌కు మణుగూరులో కొలువు. ఇల్లు ఎట్లా కట్టాలన్న మాట వచ్చినప్పుడు ఆ పిల్లవాడే దారి చూపించాడు.

"పెద్దబాపూ, ఇప్పుడు కట్టకముందే చూపిస్తున్నరు. ఖమ్మంల కంప్యూటర్ల ఇల్లు కట్టి లోపలంత తిప్పుతరు. నచ్చకుంటే గోడ జరుపుతరు."

"కూలోళ్లు లేకుంటనే?"

"కూలి లేదు, సిమెంటు లేదు."

"గట్లయితే గా ఇంట్లనే ఉండొచ్చు గదరా," అన్నాడు రూప్లా.

ఖమ్మంలో ఇంజనీరు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి పేరు హేమలత. వైరా దగ్గరి తండా పిల్ల. రూప్లా తలపాగా చూడగానే లేచి "కాకా" అని పిలిచి కుర్చీ వేసింది. రూప్లా ఆ ఇంట్లోకి కూడా మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. మంచంతో సహా బాత్రూమ్‌లోకి పోవాలంటే తలుపు ఎంత వెడల్పు ఉండాలి? నీళ్లు ఎటు జారుతాయి? ఎండ ఏ గోడకు కొడుతుంది? హేమలత విసుక్కోకుండా గోడలు జరిపింది, తలుపులు వెడల్పు చేసింది.

"మంచం మీద పండుకున్న మనిషి కంటికి రోడ్డు కనబడాలె బిడ్డా," అన్నాడు.

ఆమె కిటికీని మోకాలెత్తుకు దించింది. ఇంతకంటే చూడాల్సింది ఏమీ లేదని రూప్లా కిందికి పోయి చాయ్ తాగాడు. తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు నల్లటి రోడ్డు, రోడ్డు పక్కన చెట్లు, రోడ్డు మీద మనుషులు. బొమ్మ ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నట్టయింది. ఆమె ఆ ఇంటిని బయటి నుంచీ లోపలి నుంచీ తిప్పి, సినిమాలాగా సీడీలో ఎక్కించి ఇచ్చింది.

ఆ సాయంత్రం తండా తండా అంతా రూప్లా ఇంట్లో టీవీ ముందు కూర్చుంది. ద్వాలి మంచాన్ని లోపలికి తెచ్చారు. తెర మీద గేటు దానంతటదే తెరుచుకుంది. మెట్లు లేని ఏటవాలు దారి మీద నుంచి గాలిలో తేలినట్టు అందరూ హాల్లోకి పోయారు, గదిలోకి పోయారు, బాత్రూమ్ చూసి ముక్కున వేలేసుకున్నారు. చివరికి తెర మీది బొమ్మ గదిలో కిటికీ దగ్గర ఆగింది. బయట రోడ్డు మీద ఎర్ర సంచి తగిలించుకున్న ఆడమనిషి పోతోంది. ఎదురుగా కుక్కను పట్టుకుని ఒకాయన. వెనక బుడగలు పట్టుకుని పిల్లలు, టోపీ పెట్టుకున్న ముసలాయన.

"ఆపుండ్రి," అంది ద్వాలి. కోటేష్ ఆపాడు.

"గీ ఎర్ర సంచామె అచ్చం రామక్క కోడలే. ఉత్త చేతులతోటి పోయినా గిట్లనే నడుము ఊపుతది."

రామక్క కోడలు అక్కడే ఉంది. "నేనెప్పుడు ఊపిన పెద్దమ్మా?"

"ఊపకుంటే నీ మొగడు మణుగూరుల పని ఇడిచి ఎందుకొచ్చిండే?" అంది ద్వాలి. ఇల్లంతా నవ్వింది. కుక్కాయనకు వీరన్న పేరు పెట్టింది. టోపీ ముసలాయన ఖాయంగా అప్పు ఎగ్గొట్టి తిరుగుతున్నాడంది. మళ్లీ వేయమంది. మళ్లీ వేశారు. అందరూ పోయాక మొగుణ్ణి పిలిచింది.

"సేటూ, ఈ జాగ ఇడిచిపెట్టి నేను రానని గట్టిగనే అనుకున్న. ఒక్కతి నాలుగ్గోడల నడుమ పడి ఉంటే పుండ్ల కంటె ముందుగాల అదే చంపుతది నన్ను. గా కిటికీ కాడ నా మంచం ఏస్తవా?"

"ఏస్త."

"మనుషులు కనబడ్తరా?"

"చూసినవ్ గద."

"అయితే వస్త," అంది.

మేస్త్రీ పిచ్చయ్య ఆ బొమ్మలను పెద్ద కాగితాల మీద తీయించి షెడ్డులో అంటించుకున్నాడు. బొమ్మలో ఉన్న గచ్చు రంగే తెప్పించాడు, బొమ్మలో ఉన్న చోటే స్విచ్చు పెట్టాడు. మిరప సీజన్ ముగిసేసరికి ఇల్లు లేచింది. రూప్లా సీడీలోని ఇంటినీ నేల మీది ఇంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఎక్కడా తరుగు లేదు. జీవితంలో చెప్పిన సరుకు చెప్పినట్టు చేతికి రావడం అదే మొదటిసారి.

ఎండలు ముదరకముందే గృహప్రవేశం చేసి, మంచాన్ని కిటికీ దగ్గర వేశాడు. వ్యాపారి ఏ గోదామునూ ఖాళీగా ఉంచడు. తండాలో పాత ఇంటిని పీకించి దూలాలు అమ్మేశాడు, ఆ జాగా వీరన్నకు ఇచ్చాడు. వీరన్న వెంటనే పునాది తీశాడు.

మొదట్లో తండా నుంచి రోజూ ఎవరో ఒకరు వచ్చారు. గచ్చు మీద కాలు జారుతుందేమోనని గోడ పట్టుకుని నడిచారు, కుళాయి తిప్పి చూశారు, ద్వాలి దగ్గర కూర్చున్నారు. కానీ ఈ ఇల్లు వాళ్ల దారిలో లేదు. పనిగట్టుకుని రావాలి, బస్సు వేళ చూసుకుని లేవాలి. తొలకరి పడింది. పత్తి గింజలు పెట్టే పని మొదలైంది. ఇంకెవరూ రాలేదు.

పొద్దున ద్వాలిని కడిగి, తినిపించి, నీళ్ల సీసా కుడి చేతికి అందేట్టు పెట్టి రూప్లా దుకాణానికి పోయేవాడు. మధ్యాహ్నం వచ్చి చూసి మళ్లీ పోయేవాడు. పుండ్లు మానాయి. డాక్టరు వచ్చి గది చూసి మెచ్చుకున్నాడు. ద్వాలి అన్నం మాత్రం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది.

"సేటూ, ఈ బాట ఎటు పోతది?" అని అడిగింది ఒక రోజు.

"ఎటూ పోదు. ఫారెస్టోళ్లు తవ్విన కందకం కాడ ఆగుతది."

"మరి ఎవరొస్తరు?"

"చుట్టూత ప్లాట్లు అమ్మిండ్రు గద. ఇండ్లు లేస్తయ్."

ఆ మాట అన్నాకే అతనికి తన దుకాణం గుర్తొచ్చింది. చండ్రుగొండ సెంటర్లో దుకాణం తీసుకునే ముందు అతను గోడలు చూడలేదు, కప్పు చూడలేదు. ఎదురుగా చాయ్ బండి దగ్గర పొద్దంతా కూర్చుని, ఆ ముందు నుంచి ఎవరు పోతున్నారు, ఎటు నుంచి ఎటు పోతున్నారు అని చూశాడు. మనుషులు నడవని చోట బంగారపు కొట్టు పెట్టినా బూజు పడుతుందని పదిమందికి చెప్పినవాడు. అట్లాంటివాడు పెళ్లాన్ని తెచ్చి మనిషి కాలు పడని చోట పెట్టాడు. ఇంటి అడుగు దాకా చెయ్యి దూర్చాడు గానీ ఇంటి ముందున్న ఖాళీని తడిమి చూడలేదు.

మార్కెట్ పని మీద ఖమ్మం పోయినప్పుడు హేమలత దగ్గరికి పోయాడు.

"గా మనుషులెవరు బిడ్డా?"

"ఏ మనుషులు కాకా?"

"మా ఇంటి ముందల పోయేటోళ్లు. ఎర్ర సంచామె, కుక్కాయన."

ఆమె నవ్వింది. "వాళ్లు కంప్యూటర్లనే ఉంటరు కాకా. ఎవరి ఇంటికైన వాళ్లే. నిన్న వైరల ఒక బ్యాంకాయన ఇల్లు జేసిన, ఆడ గూడ గామెనే నడిపించిన."

"ఎందుకు నడిపిస్తవ్?"

"పక్కన మనిషి లేకుంటే ఇల్లు ఎంతుందో తెల్వదు గద. తలుపు ఎంత ఎత్తు, కిటికీ ఎంత పెద్దది, మనిషిని బట్టే తెలుస్తది. స్కేలు కోసం పెడ్తం."

"తూకం రాయి లెక్క."

"అవ్ కాకా, గట్లనే అనుకో. ఇల్లు మంచిగ రాలేదా?"

"మంచిగనే వచ్చింది."

"చిన్నమ్మ ఎట్లున్నది?"

"కిటికీ కాడ ఉన్నది," అని లేచాడు.

బస్సులో కూర్చున్నాక కూడా అదే మాట తిరిగింది. రాయి వేసి తూచి ఇస్తారు. తూకం అయ్యాక రాయిని ఎవరూ ఇంటికి పంపరు. కొన్నవాడు అడగనూ అడగడు. ద్వాలి మాత్రం ఆ తక్కెడలో రాయినే కోరుకుంది.

ప్లాట్లు కొన్నవాళ్ల కోసం ఆరా తీశాడు. కొత్తగూడెం, మణుగూరు, పాల్వంచ కొలువులవాళ్లు. ధర లేచాక అమ్ముకోవడానికి కొన్నారే గానీ ఉండడానికి కొన్నవాడు ఒక్కడూ లేడు. ధర లేవలేదు సరికదా, ఆ ఏడాది పడిపోయింది. తెల్ల రాళ్ల చుట్టూ తుమ్మ మొలిచింది. ద్వాలిని దుకాణంలో పెట్టుకుందామని ఒక రోజు ఆటోలో తీసుకుపోయాడు. మిరప ఘాటుకు దగ్గి దగ్గి ఊపిరి అందక, డాక్టరు దగ్గర దింపాల్సి వచ్చింది.

సరుకు దగ్గరికి గిరాకీ రాకపోతే గిరాకీని రప్పించాలి. రూప్లాకు తెలిసిన విద్య అదొక్కటే. కందకం అవతల అడవిలో కోయగూడెం ఉంది. అక్కడి ఆడవాళ్లు అడ్డాకులూ పుట్టకొక్కులూ తెచ్చి అతని దుకాణంలో వేసి, ఉప్పూ మిర్చీ తీసుకుపోయేవారు. వాళ్లలో పెద్దది కన్నమ్మ. రూప్లా ఆమెను పక్కకు పిలిచాడు.

"కన్నమ్మా, మీరు అడ్డదారిన కాకుండ మా ఇంటి ముందలికెళ్లి రారాదు?"

"కందకం దిగి ఎక్కాలె గద సేటూ. వట్టిగ ఎవరు దిగుతరు?"

"వట్టిగ వద్దు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు మా కిటికీ కాడ ఆగి నాలుగు మాటలు మాట్లాడితే మనిషికింత బెల్లం కోసిస్త. మా ఇంటామెకు మాత్రం చెప్పొద్దు."

కన్నమ్మ అతని మొహం వైపు చూసి, "నీ బెల్లం, నీ బాట," అంది.

మర్నాటి నుంచి కిటికీ ముందు మనుషులు నడిచారు. మొదటి రోజు ద్వాలి చూసి ఊరుకుంది. రెండో రోజు "నెత్తి మీద ఏందమ్మా?" అని అడిగింది. కన్నమ్మ గంప దించి పుట్టకొక్కులు చూపించింది. తర్వాత ఒక ముసలామె కోడలి మీద చాడీలు చెప్పింది. ఆ కోడలు తిరుగు దారిలో అత్త మీద చెప్పింది. ద్వాలి ఇద్దరికీ తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం కంచంలో మిగలడం మానేసింది.

"వాళ్లల్ల గా చిన్నామెను రేపు నా మొహం చూసి పొమ్మన్న సేటూ. మొగడు తాగొచ్చి కొడుతున్నడంట. ఏం జేయాల్నో చెప్త," అంది ఒక సాయంత్రం. పాత గిల్లుడు గొంతులోకి తిరిగి వచ్చింది. రూప్లా ఆ రోజు బెల్లం దిమ్మ నుంచి చెయ్యి జారినట్టు ఎక్కువే కోశాడు. ఇంత చవగ్గా ఇంత లాభం తన బతుకులో చూడలేదు.

ముసురు పట్టిన రోజున రూప్లా మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. వాన బలపడుతోంది. గేటు దగ్గర గంప నెత్తిన బోర్లించుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ద్వాలి తీర్పు చెబుతానన్న చిన్నామే ఆమె. కిటికీ తెరిచే ఉంది.

"సేటూ, వానొస్తాంది," అని కేకేసింది. "కందకం నిండితే దాటలేను. ఇయ్యాల రెండోసారి ఈ కిటికీ కాడికి తిరగకుంటే బెల్లం ఆపుతవా?"

రూప్లా చెయ్యి ఊపాడు, పొమ్మన్నట్టు. ఆమెకు అర్థం కాలేదు. "మొత్తం ఆపుతవా, ఒక్కసారిదన్న ఇస్తవా?"

"ఇస్త, పో," అన్నాడు. చెప్పులకు అంటిన మట్టిని గడప దగ్గర చాలాసేపు గీకాడు.

ద్వాలి కప్పు వైపు చూస్తోంది.

"మనుషుల్ని కిరాయికి తెచ్చినవా?"

"కిరాయి కాదే. జర బెల్లం..."

"బెల్లమేస్తే చీమలొస్తయ్ సేటూ." ఆమె గొంతు పెంచలేదు. "నేను వాళ్ల సంసారాలు సక్కబెడ్తున్న అనుకున్న. వాళ్లు కూలికొచ్చిండ్రా?"

"మాటలైతే నిజమే గద. గా చిన్నామె మొగడు తాగుతడు, అది అబద్ధమా?"

"నాకేమెరుక. బెల్లానికి ఎంత చెప్పాల్నో అంత చెప్పుతరు."

గిరాకీని రప్పించిన చేతులతోనే ఆమె ఎవరి మాటా నమ్మకుండా చేశాడు. ఆ తర్వాత కన్నమ్మ ఒకసారి బెల్లం అడక్కుండానే వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ద్వాలి మొహం గోడ వైపు పెట్టుకుంది. కన్నమ్మ కాసేపు చూసి, అడ్డదారిన వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"తండాకు తీస్కపో," అంది ద్వాలి పత్తి తీతలప్పుడు.

"మన జాగల వీరన్న ఇల్లు లేచింది గదనే. వాళ్ల వసారల ఉంటవా? వీరన్న పెండ్లాం రమ్మనే అంటున్నది."

"తోటికోడలితోటి ముడ్డి కడిగించుకుంట, వచ్చేటోళ్లను పోయేటోళ్లను పరాచికాలాడాల్నా? నా గడప మీద నేను పడి ఉంటే మాట ఉంటది. ఇంకొకరి గడప మీద పడి ఉంటే జాలి ఉంటది." ఆగి, "ఉండనియ్," అంది.

ఆ తర్వాత ఏదీ అడగలేదు. పెట్టినంత తిని, చాలు అనేది. డాక్టరు నాడి చూసి, పుండ్లు లేవు, జ్వరం లేదు, గది బాగుంది, మరి మనిషి ఎందుకు ఇట్లా ఎండిపోతోందో తెలియడం లేదన్నాడు. రూప్లాకు తెలుసు. ఏ దుకాణంలో ఏది చచ్చిందో, ఎందుకు చచ్చిందో అతను బయటి నుంచి చూసి చెప్పగలడు. చెప్పగలిగినంత మాత్రాన మూతపడ్డ దుకాణం తెరుచుకున్నది ఎప్పుడూ చూడలేదు.

చలికాలం మొదట్లో ఒక సంత రోజు, మంచి గిరాకీ వేళ, రూప్లా దుకాణం మూసి ఇంటికి వచ్చాడు. గేటు తీయకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు. తలపాగా సర్దుకుని, చెయ్యి వెనక పెట్టుకుని, పని మీద పోతున్నవాడిలా కిటికీ ముందు నుంచి నడిచాడు. కందకం దాకా పోయి తిరిగి వచ్చాడు. ద్వాలి కళ్లు తెరిచి చూస్తోంది.

"ఏమే ద్వాలీ, తిన్నవా?" అన్నాడు, తండాలో దారిన పోయేవాళ్లు అన్నట్టే.

ఆమె చూపు అతని మీద ఆగలేదు. అతని భుజం పక్క నుంచి రోడ్డు వెంట కందకం దాకా పోయింది. వెనక ఇంకెవరన్నా వస్తున్నారేమోనని చూసింది. ఎవరూ లేరు.

"ఇంట్లకు రా సేటూ," అంది. "మంచు పడ్తది."

"వస్త. గిటు పోయేది ఉన్నది," అన్నాడు రూప్లా, పోయేది ఏమీ లేకపోయినా. రెండో పక్క ప్లాట్ల రాళ్ల దాకా పోయి వెనక్కి వచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోలేదని అతనికి తెలుసు. కాసేపు కిటికీ ముందు నిలబడి, మళ్లీ కందకం వైపు తిరిగాడు.